చెరువులో ఇల్లు, పెరట్లో పడవ

మా మామ పడవ కొన్న ఏడాది మా ఊరి చెరువులో కొంగ కాలు తడుపుకోవడానికి కూడా నీళ్లు లేవు. చెరువు నడిమధ్యలో పిల్లలు వికెట్లు పాతి క్రికెట్ ఆడుకునేవాళ్లు. బర్రెలు దాహానికి వచ్చి, మట్టి వాసన చూసి, మనుషుల్ని తిట్టుకుంటూ తిరిగిపోయేవి. అటువంటి ఎండల్లో మా మామ చేపలు పట్టే పడవ కొన్నాడు. కొత్తది కూడా కాదు. ఎవరో వాడి వాడి విసిగిపోయిన పడవ, దాని వెనక బిగించే ముసలి మోటారుతో సహా. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత నేను బళ్లో పిల్లలకు చాలాసార్లు చెప్పాను గానీ, దానికి ఉదాహరణ మా ఇంటి పెరట్లోనే దొరుకుతుందని అనుకోలేదు.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఉన్న ఊరు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చింది తొంభైల్లో. అప్పటికి మామకు భూమి ఉంది, ఎడ్లు ఉన్నాయి, ఊరంతా వినపడే గొంతు ఉంది. పడవ నాటికి ఎడ్లు పోయాయి, భూమి పోతూ ఉంది, గొంతు ఇంట్లోవాళ్లకు కూడా సరిగ్గా వినపడడం మానేసింది. నేను మేడ్చల్‌లో ఒక ప్రైవేటు బళ్లో సోషల్ చెప్పేదాన్ని. దేశంలోని నదులన్నీ పిల్లలతో బట్టీ పట్టించి, ఇంటికొచ్చి ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టేదాన్ని.

మా ఆయన రైతు కొడుకు. నాగలి పట్టడం వచ్చు, కానీ తిరిగే కుర్చీ అంతకంటే బాగా పట్టుబడింది. హైవే పక్కన ఒక రేకుల గది, గోడకు రంగురంగుల మ్యాపు, మ్యాపు ముందు ఆ కుర్చీ. అందులో కూర్చున్న మనిషి భూమి వైపు చూడడు, మ్యాపు వైపే చూస్తాడు. ఊళ్లో మాకు మిగిలిన ఆఖరి చెక్క చెరువు శిఖంలో ఉంది. శిఖం అంటే చెరువు కడుపులో ఉండే భూమి. నీళ్లు వెనక్కి పోతే అది పైకి తేలుతుంది, అప్పుడు మేము శనగలో దోసకాయలో వేసుకుంటాం. నీళ్లొస్తే మునుగుతుంది, అప్పుడు నోరు మూసుకుని కూర్చుంటాం. తాతల నాటి నుంచి చెరువుకూ మాకూ మధ్య ఉన్న ఒప్పందం అది. పట్టా మా పేరు మీద, పెత్తనం దాని చేతిలో.

వరసగా కొన్నేళ్లు వానలు మొహం చాటేసేసరికి మా ఆయనకు జ్ఞానోదయం అయింది. ఆ చెక్కను చదును చేయించి, రాళ్లు పాతించి, ఎర్రమట్టి రోడ్లు పోయించి, ముందు ఒక కమాను కట్టించి ‘లేక్ వ్యూ’ అని రాయించాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. చెరువులో కూర్చున్నవాడికి చెరువు కనపడక ఏమవుతుంది?

మామ మొదటి రోజే చెప్పాడు.

"అది చెరువుది కొడుకా. మనకు ఎండకాలం కౌలుకిస్తది, అంతే. కౌలుకు దీసుకున్నదాన్ని అమ్ముతరా?"

"ఏ కాలంల ఉన్నవు బాపు? ఇగ చెరువులు నిండుడు అయిపోయింది. వానలేడున్నయి?"

వానలు నిజంగానే లేవు కాబట్టి మామ దగ్గర సాక్ష్యం లేదు. అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టాడు. నేను కూడా అన్నాను, ఇళ్లు కట్టుకున్నాక మునిగితే ఆ మనుషులు ఏమైపోతారని. "నువ్వు బళ్లె పాఠం జెప్పుకో, ప్లాట్ల ముచ్చట నీకెందుకు" అన్నాడు మా ఆయన. ఆ రోజుల్లో ఆయన నన్ను సంప్రదించిన ఒకే ఒక్క విషయం కమాను మీద ఇంగ్లీషు స్పెల్లింగు.

ఇక బోటు సారు సంగతి. ఆయన పేరు మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ పలకలేదు, బోటు సారే. కాకినాడ అవతల సముద్రం ఒడ్డున పుట్టినవాడు. ఇక్కడ ఏదో ఆఫీసులో ఉద్యోగం, మచ్చ బొల్లారంలో అద్దె పోర్షను, చాలా ఏళ్లుగా. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నప్పుడు పెద్దాయనకు ఇల్లు, నడిపాయనకు కొబ్బరితోట, ఉద్యోగం ఉంది కదా అని ఈయనకు పడవ వచ్చాయట. అప్పటి వరకు దాన్ని జాలర్లకు అద్దెకిచ్చేవాళ్లు. ఈయన గొడవపడకుండా దాన్ని తిరుగు లారీలో వేయించుకుని హైదరాబాదు తెచ్చుకున్నాడు. వాటాకొచ్చిన పడవ వెంట ఐదారు జిల్లాలు ప్రయాణం చేసిన మంచితనం ఆయనది. ఆదివారాలు శామీర్‌పేట చెరువులో వేసుకుని తిరుగుతానని భార్యకు చెప్పాడు. తిరిగింది లేదు. ఇంటి ఓనరుగారి కాంపౌండులో ఒక పక్కన బోర్లించి పెడితే, కింది వాటావాళ్లు దాని మీద బట్టలు ఆరేసుకునేవారు. చివరికి ఓనరుగారు పడవకు కూడా అద్దె అడిగేసరికి, పడవ కావాలో ఇల్లు కావాలో తేల్చుకోమంది భార్య. ఆయన ఇల్లే కావాలన్నాడు. ఆ ఇంటి కోసం వెతుక్కుంటూ నేరుగా మా చెరువులోకే వచ్చాడు.

వాళ్లిద్దరూ ప్లాటు ఖాయం చేసుకోవడానికి వచ్చిన ఆదివారం నేను మా ఆయనకు టిఫిను డబ్బా ఇవ్వడానికి ఆఫీసుకు వెళ్లి ఉన్నాను. మామ బయట రేకుల నీడలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. సారు సంతోషం పట్టలేకపోతున్నాడు. వంటిల్లు ఎటు, దేవుడి గది ఎటు, సపోటా చెట్టు ఎక్కడ, అన్నీ గాల్లో వేలితో గీసి చూపిస్తున్నాడు. ఆవిడ అడ్డుపడి వంటింటిని ఇంకొంచెం పెద్దది చేయిస్తోంది.

"ఇకనండీ, ఆ పడవొకటి వదిలించుకోవాలండీ. కొనేవాళ్లెవరైనా ఉంటే కాస్త చూసి పెట్టండి" అన్నాడు చివర్లో.

"గీడ పడవ ఎవలు గొంటరు సార్?" అని నవ్వాడు మా ఆయన.

బయటి బెంచీ మీంచి మామ గొంతు వినపడింది. "అమ్మకుర్రి సార్. ఉంచుకోర్రి. గా ప్లాటు దీసుకుంటున్నరు గదా, అక్కరకొస్తది."

మా ఆయన కుర్చీ తిరగడం ఆగిపోయింది. సారు ఒక్క క్షణం చూసి, పడీ పడీ నవ్వాడు. "భలేవారండీ పెద్దాయనా! మంచి సరదా మనిషండీ మీ నాన్నగారు." ఆవిడ కూడా నవ్వింది. మా ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. నిజం చెబితే జోకనుకునే కాలంలో నిజం చెప్పేవాడికి ఎంత సుఖమో, అబద్ధం అమ్మేవాడికీ అంతే సుఖం. మామ నవ్వు ఆగేదాకా ఆగి, "ఐతే నాకియ్యుర్రి. నేను గొంట" అన్నాడు.

బేరానికి నన్ను కూడా మచ్చ బొల్లారం తీసుకెళ్లాడు మామ. "నువ్వు సదువుకున్నదానివి బిడ్డా, ఇంజను మీద ఏమన్న రాసుంటే సదువు." ఇంజను మీద రాసి ఉన్నదంతా ఎప్పుడో ఉప్పుగాలి తినేసింది. అయినా మామకు చదువుతో పని పడలేదు. ఆయన జీవితంలో పదిసార్లు ఎడ్ల అంగడికి వెళ్లి ఒక్కసారి కూడా మోసపోని మనిషి. పడవను తిరగేయించి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పక్కటెముకల మీద అరచేత్తో చరిచాడు. తోక వైపు నుంచి ఒంటి కన్నుతో వంకర చూశాడు. ఎక్కడైనా చెడ్డ సుడి ఉందేమోనని వేలితో తడిమి, అతుకు వేసిన చోట ఆగాడు.

"గీ దెబ్బ ఏడిది?"

"రాయి తగిలిందండీ ఓసారి. మళ్లీ అతికించాం. చుక్క నీరు దిగదండి."

తర్వాత మోటారు మూత తీయించి లోపలికి చూశాడు. "ఏంది మామా చూస్తున్నవు?" అంటే, "పండ్లు" అన్నాడు. "ఇదివరకు మంచిగ పని జేసేదా సార్, తిని పండుకునేదా? పొడుస్తదా?"

బోటు సారు మర్యాదస్తుడు, ఏ ప్రశ్ననూ తేలిగ్గా తీసుకోడు. కొంచెం ఆలోచించి, "పొడవదండీ. కానీ తాడు లాగేటప్పుడు ఒక్కోసారి ఎదురు గుంజుద్దండి. చెయ్యి జాగ్రత్త" అన్నాడు. మామ తృప్తిగా తల ఊపాడు. తన్నని ఎద్దులో సత్తువ ఉండదని ఆయన సిద్ధాంతం.

ఇక ధర. అంగట్లో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని చెప్పుకుంటారు, పక్కవాడికి తెలియకుండా. మామ భుజం మీది తువ్వాలు తీసి గంభీరంగా సారు చేతి మీద కప్పాడు. సారు "థాంక్సండీ" అని చేతులకంటిన గ్రీసు శుభ్రంగా తుడుచుకుని, మడత పెట్టి తిరిగి ఇచ్చాడు. మామ ఆ నల్లబడ్డ తువ్వాలు వంక చూసి, అంత మంచి మనిషితో బేరం ఆడడానికి మనసొప్పక, అడిగిన ధరకే ఒప్పుకున్నాడు. అంగడి చరిత్రలో ఒక తువ్వాలు అంత ఖరీదు చేయడం అదే మొదలు.

పడవను ట్రాక్టరు ట్రాలీలో వేసుకుని ఊరికి తెచ్చాం. ట్రాలీ కంటే పడవ పొడుగు, తోక బయటికి వేలాడుతుంటే దానికి అత్తగారి ఎర్ర జాకెట్టు గుడ్డ కట్టారు. హైవే మీద దాటిపోయే ప్రతి బండివాడూ మెడ తిప్పి చూశాడు. గుండ్లపోచంపల్లి దగ్గర చాయ్ తాగుతుంటే హోటల్ ఆయన బయటికి వచ్చి పడవనూ, ఆకాశాన్నీ మార్చి మార్చి చూసి, "పటేలా, వానల సంగతి నీకేమన్న జెప్పిర్రా?" అని అడిగాడు. మామ "ఆఁ, జెప్పిర్రు" అన్నాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు.

ఇంటి దగ్గర అత్త హారతి పళ్లెంతో నిలబడి ఉంది. భర్తకు మతి పోయిందని ఆమెకు ఖాయమైంది గానీ, ఇంటికి బండి వస్తే చేయవలసింది చేయాలి కదా. కొబ్బరికాయ కొట్టింది, పసుపు కుంకుమ పెట్టింది. నిమ్మకాయల దగ్గర వచ్చింది చిక్కు. చక్రాల కింద పెట్టాలి, దీనికి చక్రాల్లేవు. పడవ కిందికి నిమ్మకాయలు దొర్లించి, "ఇగ తొక్కు" అంది దాన్ని. పడవ తొక్కలేదు. చివరికి అత్తే కాలితో తొక్కి, మామ వైపు చూసిన చూపు ఆ నిమ్మకాయల కంటే పుల్లగా ఉంది.

తర్వాతి ఆదివారం బోటు సారు మోటారు నడపడం నేర్పడానికి వచ్చాడు. నీళ్లు లేకుండా నడిపితే లోపల కాలిపోతుందని, తొట్టిలో ముంచి నడపాలని చెప్పాడు. మా ఇంట్లో అంత పెద్ద తొట్టి ఒక్కటే ఉంది, బర్రెల కుడితి తొట్టి. దాని అంచుకు మోటారు బిగించారు. ఊరి పెద్దమనుషులంతా ఇస్త్రీ బట్టల్లో వచ్చి చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్నారు. సారు తాడు లాగాడు. మోటారు దగ్గింది. మామ లాగాడు, మళ్లీ దగ్గింది. పెద్దమనుషులు ఒక్కొక్కరే లేచి, మీసం దువ్వి, లాగి, ఏమీ ఎరగనట్టు వెళ్లి కూర్చున్నారు. ఇక లాభం లేదని అందరూ లేవబోతుండగా, ముసలిది ఒక్కసారి గొంతు సవరించుకుని అందుకుంది.

తొట్టిలో ఉన్న కుడితి, తౌడు, అన్నం మెతుకులు, తెలకపిండి, మొత్తం లేచి పెద్దమనుషుల మీద పడ్డాయి. బర్రెలు తలుగులు తెంపుకుని హైవే వైపు పరుగెత్తాయి. ఇంత గొడవలోనూ సారు మోటారు పక్కనుంచి సన్నగా చిమ్ముతున్న నీటి ధారను చూపిస్తూ అరిచి చెబుతున్నాడు. "అదిగోనండీ, ఉచ్చ పోస్తోంది! అది పోస్తోందంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనండీ!" కళ్లలోంచి తౌడు తుడుచుకుంటూ మామ నవ్వాడు. శిఖానికి సంతకం పెట్టిన తర్వాత ఆయన నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి. అందుకని బర్రెలు వెతకడానికి నేనే సంతోషంగా వెళ్లాను.

ఆ తర్వాత పడవ చేసిన పనులు చెప్పుకుంటే సముద్రం సిగ్గుపడుతుంది. రెండు వేసవులు అందులో మిరపకాయలు ఎండాయి. చింతపండు ఎండింది. కోడి ఒకటి దాని ముక్కులో పొదిగింది. మా ఆయన మొదట్లో దాని వైపు చూడడానికి కూడా ఇష్టపడలేదు. తర్వాత మళ్లీ జ్ఞానోదయం అయింది. దానికి నీలం రంగు వేయించి, తీసుకెళ్లి లేఅవుట్ కమాను పక్కన ఇటుకల దిమ్మెల మీద పెట్టించాడు. ప్లాట్లు చూడడానికి వచ్చినవాళ్లు అందులో కూర్చుని ఫోటోలు దిగేవారు. ఎండిన చెరువులో, ఇటుకల మీద, కదలని పడవలో, చేతులూపుతూ. మామను అడిగితే "పెట్టుకోనియ్యి. ఏడుండాల్నో గాడనే ఉన్నది" అన్నాడు. ఒక తాడు మాత్రం తీసుకెళ్లి, పడవ ముక్కును కమాను స్తంభానికి గట్టిగా కట్టి వచ్చాడు. ఇటుకల మీది పడవ ఎక్కడికి పారిపోతుందని మా ఆయన వారం రోజులు నవ్వాడు.

ఆ రెండో వేసవి తర్వాతి శ్రావణంలో బోటు సారుకు శంకుస్థాపన ముహూర్తం కుదిరింది. ఆఫీసులో ఇంటి లోను మంజూరయింది. ఇటుకలు, ఇసుక చెప్పేశాడు. మామ ఆ మాట విన్నప్పటి నుంచి అన్నం సరిగ్గా తినలేదు. ఒక పూట మచ్చ బొల్లారం వెళ్లి సారుకు మళ్లీ చెప్పి కూడా వచ్చాడట. సారు గౌరవంగా కాఫీ ఇచ్చి, "అబ్బాయిగారు అన్నీ వివరంగా చెప్పారండీ, మీరేం కంగారు పడకండి" అని బస్సు ఎక్కించాడు. తండ్రికి వయసు మీద పడి మతి తప్పుతోందని మా ఆయన ముందే ఫోను చేసి చెప్పి ఉంచాడు మరి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు నా మొగుడి మీద వచ్చినంత కోపం అంతకు ముందూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

ముహూర్తానికి వారం ముందు వాన మొదలైంది. మొదటి రోజు ఊరంతా సంబరపడింది. రెండో రోజూ సంబరమే. మూడో రోజు నుంచి అందరి చూపూ చెరువు కట్ట వైపే. పైనున్న కుంటలన్నీ నిండి, అలుగులు దుంకి, ఆ నీళ్లన్నీ దారులు గుర్తుపట్టి మా చెరువులోకి వచ్చాయి. తెల్లవారి లేఅవుట్ వాచ్‌మన్ తడిసి ముద్దయి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"పటేలా, మన పడవ తేలింది."

వెళ్లి చూశాం. చెరువు నిండు గర్భిణిలా ఉంది. రాళ్లు లేవు, రోడ్లు లేవు, ప్లాట్లు లేవు. కమాను పై భాగం ఒక్కటి నీళ్లలోంచి తల ఎత్తి, లేక్ వ్యూ అని అందరికీ విన్నవిస్తోంది. ఆ మాట అంత నిజంగా ఎప్పుడూ లేదు. పక్కనే పడవ, ఎవరూ తోయకుండా తనంతట తాను నీళ్లలోకి దిగి, తాడు చివర మెల్లగా ఊగుతోంది.

బోటు సారు మధ్యాహ్నానికే స్కూటరు మీద వచ్చాడు. రెయిన్‌కోటు విప్పకుండానే నేరుగా కట్ట ఎక్కాడు. మా ఆయన కట్ట మీదే ఆయనను పట్టుకుని నీళ్లు నమలడం మొదలుపెట్టాడు. "ఏం పరేషాన్ గాకుర్రి సార్. గిది పైపై నీళ్లే. నాలుగొద్దులల్ల గుంజుకపోతది. అంతగనం అయితే మట్టి వోయిస్త. ముహూర్తం గడవనియ్యకుర్రి." సారు తల ఊపుతున్నాడు. ఏళ్ల తరబడి గాల్లో గీసుకున్న ఇల్లు కదా, దాన్ని కాపాడే మాట ఎవరన్నా నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడు.

మామ మాత్రం ఆయన దగ్గరికి వెళ్లి, "సార్, మీ బోటుల మీ ప్లాటు జూసొద్దాం, నడువుర్రి" అన్నాడు. కొడుకు వైపు తిరిగి, "నువ్వు గూడ రా. అమ్మినోడివి, నువ్వు సూపెట్టకుంటె ఎట్ల?" అన్నాడు. ఊరి జనం ముందు మా ఆయన కాదనలేకపోయాడు. వాచ్‌మన్ ఈదుకుంటూ వెళ్లి తాడు విప్పి, పడవను కట్ట దగ్గరికి లాక్కొచ్చాడు. నన్ను ఎవరూ పిలవలేదు. నేనే ఎక్కి కూర్చున్నాను.

ఇంటి నుంచి మోటారు తెప్పించి బిగించారు. సారు తాడు లాగాడు. మా ఇంటికొచ్చాక కుడితి తప్ప ఏమీ ఎరగని ఆ ముసలి మోటారు రెండో లాగుకే అందుకుంది. పక్కనుంచి సన్నటి ధార చిమ్మింది. సారు ఈసారి దాన్ని ఎవరికీ చూపించలేదు. మామ ముందు కూర్చుని చేత్తో దారి చెబుతున్నాడు. నీళ్లన్నీ ఒక్కలాగే ఉన్నాయి నా కళ్లకు. ఆయన మాత్రం ఒడ్డున ఈతచెట్టు చూసి, కట్ట మీది తూము చూసి, "ఎడమకు... గీడ ఒడ్డు ఎత్తుంటది, మెల్లగ... ఇగ సక్కగ" అంటూ తన పొలంలో నడిచినట్టే నడిపించాడు. ఒకచోట చెయ్యెత్తి, "బందు జెయ్యుర్రి సార్" అన్నాడు.

మోటారు ఆగింది. మామ పడవలో ఉన్న పొడుగాటి వెదురుగడ తీసి నీళ్లలోకి నిలువుగా దింపాడు. అది దిగుతూనే ఉంది. చెయ్యి మునిగేదాకా దింపినా అడుగు తగల్లేదు. పైకి తీసి పడవలో పెట్టి, కొడుకు వైపు చూశాడు.

"దిగు."

మా ఆయన నవ్వబోయాడు. "ఏంది బాపు, పరాచికమా?"

"దిగి నిలబడు. గిది సారుకమ్మిన ప్లాటు."

"నాకు ఈతొస్తది గని బాపు..."

"ఈత గాదు కొడుకా. నిలబడు. ఇల్లు గట్టుకునెటోడు నిలబడాలె గదా. పైపై నీళ్లే అన్నవు. దిగు."

మా ఆయన పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి చూస్తూ ఉండిపోయాడు. బోటు సారు గొంతు చాలా చిన్నగా వినపడింది. "ఇదేనాండీ... మాది?"

"గిదే సార్. మీ ఇంట్లనే గూసున్నం."

సారు చుట్టూ చూశాడు. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి, నీళ్లను చూసి భయపడే మనిషి కాదు. చెయ్యి చాచి నీళ్ల మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగి, కోపం లేకుండా, తెలియనిది తెలుసుకునే గొంతుతో అడిగాడు. "ఆగ్నేయం ఎటొస్తుందండీ? మా ఆవిడ అడుగుద్ది. వంటిల్లు అటే పెట్టమంది."

నాకు ఏడుపు ఆగలేదు. తండ్రి 'దిగు' అంటే చలించని మనిషి ఆ ప్రశ్నకు తల వంచుకున్నాడు. "మీ పైసలు మీకిస్త సార్" అన్నాడు.

"ఒక్కరియి గాదు. అందరియి" అన్నాడు మామ.

"అందరియి అంటే మన ఇల్లు గూడ పోతది బాపు."

"పోనియ్యి. గది పోతే ఇంకోటి కిరాయికి దొర్కుతది. గీళ్ల ఇల్లు పోతె ఏడ దొర్కుతది?"

మా ఆయన నా వైపు చూశాడు. "ఇచ్చెయ్యి" అన్నాను. ఆయన నన్ను స్పెల్లింగు కాని విషయంలో సంప్రదించడం అదే మొదలు కాబట్టి ఎక్కువ మాట్లాడి పాడు చేసుకోలేదు.

తిరుగు ప్రయాణానికి సారు తాడు పట్టుకుని, దాన్ని వదిలేసి, మళ్లీ నీళ్ల మీద అరచెయ్యి ఆనించాడు. మా ఆయన లేచి వెళ్లి తాడు అందుకున్నాడు. మోటారు దగ్గింది, ఎదురు గుంజింది, ఆయన అరచెయ్యి తోలు లేచిపోయింది. అయినా ఆగలేదు. అందుకునేదాకా లాగాడు.

చెప్పినట్టే అందరికీ ఇచ్చాం. తిరిగే కుర్చీతో సహా చాలా పోయాయి. ఊళ్లో మా ఆయనను చేతకానివాడన్నారు. నిండా మునిగినవాడికి చలేమిటని ఆయన పట్టించుకోవడం మానేశాడు. తండ్రీకొడుకులు కొన్ని నెలలు మాట్లాడుకోలేదు, తర్వాత వాన గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ కాలంలో అది తప్ప వేరే మాట సాధ్యపడే ఇల్లు కాదు మాది.

ఏడాది తిరిగాక బోటు సారు దంపతులు వచ్చి గృహప్రవేశానికి పిలిచారు. కొంపల్లి పక్కన కొత్త అపార్టుమెంట్లు. మా అందరికీ బట్టలు పెట్టారు. ఆవిడ నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వంటిల్లు చూపించింది. ఆగ్నేయంలోనే ఉంది. గట్టు మీద పాలు పొంగుతుంటే సారు కళ్లు కూడా పొంగాయి. ఇన్నేళ్లకు ఒడ్డున పడ్డామండీ అన్నాడు అందరితో.

మామ బాల్కనీలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. నేను కాఫీ తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన కిందికి చూస్తున్నాడు. రోడ్డు అవతల సగం పగలగొట్టిన గుట్టరాయి, దాని కింద వాలు, వాలు చివర ఎవరో పూడ్చగా మిగిలిపోయిన రాతి తూము. వాటన్నిటినీ చూసి, మళ్లీ మేమున్న చోటికి చూపు తెచ్చుకున్నాడు. చిన్నప్పుడు బంధువుల ఊరికి ఎడ్లబండి మీద పోతూ ఇక్కడే ఎడ్లకు నీళ్లు పెట్టేవాళ్లమని మెల్లగా అన్నాడు.

నేను కాళ్ల కింది గచ్చు వైపు చూశాను. లోపల సారు గట్టిగా నవ్వుతున్నాడు. మామ కాఫీ చివరిదాకా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"బిడ్డా, సారుది మూడో అంతస్తే గదా?"

"అవును మామా."

"ఐతే మంచిదే. జెప్పకు."